అద్దం వెనుక గడప

నా బతుకంతా దుకాణాల లోపలే గడిచింది. అమ్మడానికి కాదు, కొనడానికీ కాదు. కౌంటర్లు, ర్యాకులు, షోకేసులు, గోడలకు అద్దాలు, నెత్తిమీద తెల్లటి ఫాల్స్ సీలింగు, ఇవన్నీ పెట్టించే కాంట్రాక్టర్ని నేను. ఇల్లు కట్టినవాణ్ణి ఆ ఇంటివాళ్లు తలుచుకుంటారు, గుడి కట్టించినవాడి పేరు రాతి మీద చెక్కుతారు. మేం చేసిన పనిని మాత్రం కొత్త ఫ్యాషన్ రాగానే సుత్తెలతో పీకి ట్రాక్టర్లో వేసి పంపేస్తారు. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో నేను చేసిన దుకాణాల్లో ఇవాళ ఒక్కటీ మిగల్లేదు. దానికి నాకేం బాధ లేదు. ఆ కాలం నుంచి మిగిలింది మా సంఘం గురించి జనం చెప్పుకునే ఒక మంచి మాట. అది పచ్చి అబద్ధం. అది విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అందుకే రాస్తున్నాను.

అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లలో తిరుగుతున్న కాలం అది. మా తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతమని ప్రకటించింది. దొరలు కోటల్లాంటి తమ గడీలకు తాళాలు వేసి, భూములు కౌలుకిచ్చి, టౌన్లకు వచ్చి పడుతున్నారు. వచ్చినవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేరు కదా, దుకాణాలు పెట్టారు. ఒకరు బట్టల దుకాణం, ఒకరు ఎరువుల దుకాణం, ఇంకొకరు బంగారం. ఇబ్రహీంపట్నం, మల్లాపూర్ వైపు నుంచి దుబాయికి పోయినవాళ్ల ఇళ్లకు మనియార్డర్లు, డ్రాఫ్టులు వస్తున్నాయి కాబట్టి గిరాకీకి లోటు లేదు.

ఆ దొరలందరూ నన్ను అడిగేది ఒకటే. బయటి నుంచి చూస్తే దుకాణం గోదాములా ఉండాలి, లోపలికొస్తే దర్బారులా ఉండాలి. బోర్డు చిన్నదిగా రాయించాలి, షట్టరుకు కొత్త రంగు వేయకూడదు, వీధిలోంచి చూస్తే గుడ్డి బల్బు ఒకటి కనిపించాలి. లోపల మాత్రం గోడ నిండా అద్దాలు, టేకు కౌంటరు, వంపులు తిరిగిన సీలింగు, అందులో దాచిన రంగురంగుల లైట్లు కావాలి. కలిగినవాళ్లమని అన్నలకు తెలియకూడదు, కొనడానికి వచ్చే గిరాకీకి తెలియాలి. భయమూ బడాయీ ఒకే మనిషిలో అంత చక్కగా సర్దుకుపోవడం నేను అప్పుడే చూశాను. ఒకాయన షాండ్లియర్ పెట్టించుకుని, అది వీధిలోకి కనిపిస్తోందని మర్నాడే దానికి దుప్పటి చుట్టించాడు. మా పనికి అంతకు మించిన మంచికాలం మళ్లీ రాలేదు. ఈ మాట చెప్పడానికి సిగ్గేస్తుంది కానీ నిజం అదే.

నా పనికి కుడిభుజం ఒక ముస్లిం వడ్రంగి. జగిత్యాల మనిషే. ఇంట్లో ఉర్దూ, బయట మా అందరిలాగే తెలుగు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. వయసులో నాకంటే పెద్దవాడైనా నన్ను సాబ్ అనేవాడు. ఆయనేమీ రాత్రింబవళ్లు పనే దైవమనుకునే మనిషి కాదు. మధ్యాహ్నం తిన్నాక రంపపు పొట్టు మీద తువ్వాల పరుచుకుని ఒక కునుకు తీయాల్సిందే, ఆ సమయంలో కలెక్టరు వచ్చినా కళ్లు తెరిచేవాడు కాదు. టీ చల్లారిందని అలిగేవాడు. చెప్పిన రోజుకు పని అప్పగించిన చరిత్ర ఆయనకు లేదు. కానీ లేచి చిత్రిక పట్టే రంద అందుకున్నాడంటే చెక్క మీద నుంచి పొట్టు ఉల్లిపొరలా సన్నగా లేచేది. పని అయిపోయాక ఆయన అరచేత్తో చెక్కను ఒకసారి తడిమేవాడు. ఆ తర్వాత ఇంకెవరూ దాన్ని చూడాల్సిన పని ఉండేది కాదు.

మాకొక సంఘం ఉండేది, భవన నిర్మాణ పనులవాళ్ల సంఘం. తాపీ కాంట్రాక్టర్లు, సెంట్రింగువాళ్లు, కరెంటు పనివాళ్లు, వడ్రంగి మేస్త్రీలు, నాలాంటి దుకాణం పనులవాళ్లు అందరం అందులో సభ్యులం. సిమెంటు దుకాణం పైన ఒక గది, గదిలో పొడుగాటి బెంచీలు, గోడకు పోయినేడాది క్యాలెండరు. నేను కార్యదర్శిని. సంఘం అన్న మాటే ఆ రోజుల్లో ప్రమాదం. ఊళ్లలో రైతుకూలీలు పెట్టుకున్నదీ సంఘమే కాబట్టి, ఆ మాట బోర్డు మీద కనిపిస్తే చాలు, పోలీసు జీపు ఆగేది. మీది ఏం సంఘమని ఒకట్రెండు సార్లు మమ్మల్ని పిలిచి అడిగాక, మా అధ్యక్షుడు పెయింటర్ని పిలిచి ఆ మాట చెరిపించి అసోసియేషన్ అని రాయించాడు. నోటితో మాత్రం మేం సంఘమనే అనేవాళ్లం.

ఆ సంఘానికి ఒక ఆచారం ఉంది. సభ్యుడికి ఆపదొస్తే ఎవరి పని వాళ్లు ఎక్కడికక్కడ ఆపి, వెళ్లి నిలబడాలి. మాట్లాడాల్సిన పని లేదు, గొడవ చేయాల్సిన పని అసలే లేదు. మందిగా వెళ్లి కనిపించాలి, అంతే. 'పోయి నిలబడుడు' అనేవాళ్లం దాన్ని. కోరుట్లలో ఒకతని సెంట్రింగు కూలితే, ఊరివాళ్లు అతణ్ణి కరెంటు స్తంభానికి కట్టేశారు. మేమంతా లారీ ఎక్కి వెళ్లి నిలబడ్డాం, విడిపించుకుని వచ్చాం. మా ప్లైవుడ్డు లారీని చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తే వెళ్లి నిలబడ్డాం. అధ్యక్షుడి తండ్రి పోయిన రోజు జగిత్యాలలో ఒక్క ఇటుక కూడా కదల్లేదు. ఒక్కడు వెళ్తే ఏ అధికారీ తలెత్తి చూడడు, మందిగా వెళ్తే లేచి బయటికొస్తాడు. మా బలమంతా అదే, మాకు ఇంకో బలం లేదు.

కోరుట్లలో బట్టల దుకాణం పెడుతున్న ఒక దొర నన్ను పిలిపించాడు. కథలాపూర్ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం. గడీ గోడల మీద ఎర్రరంగు రాతలు పడ్డాక ఊరు విడిచారు. దుకాణమంతా చూపించి, పనివాళ్లను బయటికి పంపి, గిరాకీలు బట్టలు వేసి చూసుకునే ట్రయల్ రూమ్‌లోకి నన్ను తీసుకెళ్లి మెల్లగా చెప్పాడు. అక్కడి నిలువుటద్దమే తలుపు కావాలి. తోస్తే తెరుచుకోవాలి, చూస్తే తెలియకూడదు. వెనక సందులోకి దారి ఉండాలి. ఎందుకని నేను అడగలేదు. అలాంటి తలుపు అంతకు ముందు ఇంకొకరికీ చేసిపెట్టాం. ఆ రోజుల్లో దొరల దుకాణాల్లో షోకేసులాగే అదీ ఒక వస్తువు.

ఉస్తాద్ పని మొదలుపెట్టాడు. తలుపు తిరిగే మడతబందులు, మేం కబ్జాలంటాం, అవి బయటికి కనిపించకుండా చెక్కలోకి దింపాడు, అద్దం అంచు గోడ చెక్కలో కలిసిపోయేట్టు పట్టీలు వేశాడు. అంతా కుదిరాక దొర ఇంటి నుంచి కబురొచ్చింది. ఆ తలుపుకు గడప ఏది అని. వాస్తు చెప్పే అయ్యగారు గడప లేని ద్వారం కుటుంబానికి అరిష్టమని దొరసానితో అన్నాడట. నేను నవ్వాను. అది ద్వారం కాదు దొరా, దాచిన తలుపు, గడప పెట్టేటట్టయితే దాచడమెందుకు అన్నాను. దొర నవ్వలేదు.

"ఎట్లయినా తలుపు తలుపే గద. గడప లేకుంట ఎట్ల దాటుత? పెట్టియ్యి" అన్నాడు.

ప్రాణం కోసం ఉరికే మనిషి గడప ఉందా లేదా అని చూసుకుంటాడా అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఉస్తాద్ వైపు చూస్తే ఆయన అప్పటికే టేకు ముక్క కోసం వెతుకుతున్నాడు. పని ఇచ్చినవాడు ఏం చెబితే అది చేయడమే మా వృత్తి. అద్దం కింద సన్నటి గడప దింపాం, గచ్చుకు సమానంగా, రంగు కలిసిపోయేట్టు. పాలిష్ పట్టాక నిజంగానే కనిపించేది కాదు. ఎందుకు పెట్టామో మరిచిపోయి నాకు కాస్త గర్వం కూడా కలిగింది.

కొన్ని వారాలకు కౌంటరు సొరుగు ఇరుక్కుంటోందంటే ఉస్తాద్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ రోజు శుక్రవారం. పనిలో పనిగా ట్రయల్ రూమ్‌లోకి తొంగిచూసి అక్కడే నిలబడిపోయాను. అద్దం కింద గడపకు ఈ చివర నుంచి ఆ చివరకు మందంగా పసుపు, పసుపు మీద వరుసగా కుంకుమ బొట్లు, మధ్యలో ఒక బంతిపువ్వు. ఉన్న గడపకు శుక్రవారం పూట పసుపు రాయకుండా ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? ఆమెకు అది లక్ష్మి వచ్చే దారి. మొగుడు పారిపోయే దారి అన్న సంగతి ఆ చేతులకు గుర్తు లేదు. చొక్కా వేసి చూసుకోవడానికి వచ్చే ప్రతి గిరాకీ ఆ అద్దం ముందే నిలబడుతున్నాడు. తల వంచితే చాలు, ఇక్కడ తలుపుందని పసిపిల్లవాడైనా చెబుతాడు.

దొరకు చెప్పాను. ఊరంతా చాటింపు వేసినట్టే ఉంది, కడిగించండి అన్నాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, ఆడవాళ్ల పూజకు నేనెట్ల అడ్డం చెప్పుదును అన్నాడు. ఊరు ఊరంతటినీ గడీ ముందు వంగోబెట్టిన మనిషి ఇంట్లో ఒక చెంబెడు నీళ్లు పోయించలేకపోయాడు. తిరుగు బస్సులో ఉస్తాద్‌కు చెబితే ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత జరిగింది కోరుట్ల అంతటికీ తెలుసు. ఒక మధ్యాహ్నం గిరాకీల్లా ఇద్దరు దుకాణంలోకి వచ్చారు. వాళ్లు అన్నలని దొర చూడగానే పోల్చుకున్నాడు. చీరలు చూపించమని గుమాస్తాకు చెప్పి, తను ట్రయల్ రూమ్‌లోకి నడిచి, అద్దం తోసి, గడప దాటాడు. వెనక సందులో ఇంకొందరు ఆయన కోసమే నిలబడి ఉన్నారు. చంపలేదు. ఊరవతలికి తీసుకుపోయి, కాళ్లు విరగ్గొట్టి వదిలేశారు. ఆసుపత్రి మంచం మీద నుంచి దొర పోలీసులకు ఒకటే మాట చెప్పాడు. ఆ తలుపు సంగతి నాకు, కాంట్రాక్టరుకు, ఆ సాయిబుకు తప్ప ఎవరికీ తెలియదు అని.

పోలీసులు నన్నూ పిలిచారు. కుర్చీ వేశారు, టీ ఇప్పించారు. గడప గురించి, పసుపు గురించి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆఫీసరు విని, దొరసాని గురించి అలా మాట్లాడడం పద్ధతి కాదన్నాడు. నన్ను ఇంటికి పంపించారు. మర్నాడు పొద్దున పనికి సైకిల్ మీద బయల్దేరిన ఉస్తాద్‌ను నడిబజారులో జీపెక్కించారు. తలుపు చేయించింది నేను, చేసింది ఆయన. నాకు టీ, ఆయనకు జీపు. నా పేరు ఇంకొకటి అయి ఉంటే ఆ కుర్చీ వేసేవాళ్లా అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

ఉస్తాద్ భార్య మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"భయ్యా, మీ సంఘపోళ్లు అందరు ఒక్కపారి పోయి నిలబడుండ్రి. మనిషి ఆడ ఉన్నడని అనిపిస్తె సాలు" అంది.

ఆమె ఏం అడుగుతోందో నాకు అర్థమైంది. ఆ రోజుల్లో పట్టుకుపోయిన మనిషి మా దగ్గరే ఉన్నాడని పోలీసులు ఒప్పుకుంటే ఆ మనిషి బతుకుతాడు. మా దగ్గర లేడన్నారంటే, కొన్నాళ్లకు ఏ గుట్ట కిందో ఎదురుకాల్పులు జరిగాయని పేపర్లో వస్తుంది. మందిగా వెళ్లి అడిగితే ఒప్పుకోక తప్పదు. ఉస్తాద్ ప్రాణం ఇప్పుడు మా సంఘం కాళ్లలో ఉంది, ఆ కాళ్లు కదలాలి, అదీ వెంటనే కదలాలి.

ఆ సాయంత్రమే అందరినీ పిలిచాను. గది నిండింది. గడప సంగతి చెప్పాను, పసుపు సంగతి చెప్పాను. ఉస్తాద్ నోరు విప్పాల్సిన అవసరమే లేదని, దొరసాని శుక్రవారం శుక్రవారం తన చేతులతోనే అందరికీ చెప్పిందని అన్నాను. కొందరు ముసిముసిగా నవ్వారు. అంతలోనే నవ్వు ఆపేశారు. ఆ మాట పోలీసుల ముందు అనాలంటే దొరల ఇంటి ఆడమనిషిని బయటికి లాగాలి, మాకు పనులిచ్చేదేమో ఆ దొరలే.

అధ్యక్షుడు అప్పటిదాకా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. పెద్ద కాంట్రాక్టరు. ఠాణాల ప్రహరీలు ఎత్తు పెంచే పనులు, కాపలా గదులు కట్టే పనులు అప్పుడు ఆయన చేతిలోనే ఉన్నాయి.

"ఆయన సభ్యుడే, కాదంటలేను. గని గిది సెంట్రింగు కూలిన ముచ్చట కాదు. ఇయ్యాల మనం పోయి నిలబడితె, రేపు మనల్ని గూడ గదే జీపు ఎక్కిస్తరు" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే ఒకతను లేచాడు. కోరుట్లలో స్తంభానికి కట్టేస్తే మేం విడిపించుకొచ్చిన సెంట్రింగాయన. సాయిబు ఎవరెవరితో తిరుగుతడో మనకేం ఎరుక అన్నాడు. అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఆ రోజు లారీలో ఉస్తాద్ నా పక్కనే కూర్చుని అతని కోసం వచ్చాడు. కట్లు విప్పింది కూడా ఉస్తాదే. అతనికి అది గుర్తుంది, గుర్తుంది కాబట్టే నా మొహం చూడకుండా మాట్లాడాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో పని గుర్తొచ్చింది. ఒకరి ఇంట్లో పెళ్లి, ఒకరికి జ్వరం, ఒకరికి పొద్దున్నే స్లాబు. గదిలో ఉన్న ముస్లిం సభ్యులు కూడా తలలు దించుకున్నారు. వాళ్ల భయం మిగతావాళ్లకంటే రెండింతలని నాకు తెలుసు, వాళ్లనేమీ అనను. చివరికి పరిస్థితిని గమనిస్తూ ఉండాలని ఒక తీర్మానం చేశారు. ఒక మనిషిని గుట్టల్లోకి తీసుకుపోతుంటే గమనిస్తూ ఉండడమేమిటో నాకు బోధపడలేదు. కార్యదర్శివి, రాయి అన్నారు. నేను రాయలేదు. పెన్ను బల్ల మీద పెట్టి మెట్లు దిగాను. నా వెనక ఎవరైనా దిగుతారేమోనని కింద సిమెంటు దుకాణం ముందు కాసేపు నిలబడ్డాను. ఎవరూ దిగలేదు.

పొద్దున్నే ఉస్తాద్ భార్యా నేనూ బయల్దేరాం. ఒక ఠాణాలో ఇక్కడ లేడన్నారు. ఇంకో ఠాణాలో అసలు అలాంటి మనిషినే ఎరగమన్నారు. ఆ మాట వినగానే ఆమె నా మోచేయి గట్టిగా పట్టుకుంది. అన్నేళ్లలో నా ఎదుట గట్టిగా మాట్లాడి కూడా ఎరగని మనిషి. టీ కొట్టు దగ్గర ఒక కానిస్టేబులు కనిపించాడు. ఎప్పుడో మాతో ఇంటికి అలమార చేయించుకున్నవాడు. నా వైపు చూడకుండా, టీ ఊదుకుంటూ, సిరిసిల్ల దిక్కు తీస్కపోయిండ్రు అని గ్లాసుతో చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాడు.

వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాం. దారి పొడుగునా మా సభ్యులను ఒక్కొక్కరినీ మనసులో తిట్టుకుంటూ కూర్చున్నాను. కిటికీలోంచి గుట్ట కనిపించినప్పుడల్లా ఆమె తల తిప్పుకుంది. అది చూశాక తిట్టుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు.

సిరిసిల్లలో నాకు తెలిసినవాడు ఒక సాంచాల సేటు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆయన బట్టల షోరూముకు ర్యాకులు చేసింది మేమే, ఆలస్యమైందని మమ్మల్ని నానా మాటలన్నదీ ఆయనే. ఆయన గుమ్మం ఎక్కడానికి నాకు మొహం చెల్లలేదు. ఇంకో దారి లేక వెళ్లాను. సాంచాల మోతలో నేను చెప్పింది సగమైనా వినపడిందో లేదో తెలియదు. ఆయన నేను ముగించేదాకా ఆగి, లోపలికి వెళ్లి కరెంటు బందు చేయించాడు. మోత ఆగిపోయేసరికి పక్క షెడ్లవాళ్లు ఏమైందని బయటికొచ్చారు.

"మన దుకాణంల పని చేసిన మనిషిని పట్టుకపోయిండ్రట. పోయి అడుగుదాం నడువుండ్రి" అన్నాడు వాళ్లతో.

అంతే, వాళ్లు నడిచారు. నెత్తిమీద దూది పోగులు కూడా దులుపుకోలేదు. వాళ్లలో ఎక్కువమంది ఉస్తాద్ మొహం చూసి ఉండరు, పేరు విని ఉండరు. ఠాణా గేటు ముందు ఎండలో నిలబడ్డాం. ఏ ఠాణానో రాయను. నినాదం లేదు, అరుపు లేదు. కాపలా జవాను తుపాకీని ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ ఉన్నాడు. చాలాసేపటికి ఒక ఆఫీసరు బయటికొచ్చి, మమ్మల్నందరినీ కలయజూసి, ఆ వడ్రంగి విచారణలో ఉన్నాడు, వదిలేస్తాం, ఇక్కడ గుమిగూడొద్దు అన్నాడు. ఉన్నాడు అన్న ఆ ఒక్క మాట కోసమే మేం వచ్చాం. ఉస్తాద్ భార్య అక్కడే మట్టిలో కూలబడి, అప్పుడు ఏడ్చింది.

ఉస్తాద్ బతికి వచ్చాడు. చేతులు మాత్రం పోయాయి. మణికట్ల చుట్టూ నల్లటి చారలు, వేళ్లలో పట్టు లేదు. చేతులు వెనక్కి కట్టి వేలాడదీశారని, తలుపు సంగతి ఎవరికి చెప్పావని అడిగారని, పసుపు గురించి చెబితే కథలు చెబుతున్నావా అని ఇంకా కొట్టారని తర్వాత చెప్పాడు. రంద పట్టుకుంటే జారిపోయేది. అన్నం ముద్ద నోటిదాకా రాకముందే రాలిపోయేది. భార్య కలిపి తినిపిస్తుంటే, నేను వెళ్లినప్పుడల్లా సిగ్గుపడి కంచం పక్కకు జరిపేవాడు. నాకు తెలిసిన డాక్టర్లందరి దగ్గరికీ తిప్పాను. నరాలు దెబ్బతిన్నాయి, ఇంతే అన్నారు. పనుల దగ్గర కూర్చుని మిగతావాళ్లకు చెప్పే పని ఇప్పించాను. చెయ్యి ఆడించకుండా చెప్పడం ఆయనకు రాలేదు, కొన్నాళ్లకు తనే మానేశాడు.

దొర కర్రల సాయంతో నడవడం నేర్చుకుని హైదరాబాదుకు వెళ్లిపోయాడు. ఉస్తాద్ ఏమయ్యాడని ఒక్కసారి కూడా అడగలేదు. మా సంఘం మాత్రం ఎప్పటిలాగే నెల నెలా కూర్చుంది. నేను అటు పోవడం మానేశాను, దాంతో నాకు వచ్చే పనులూ తగ్గాయి. అధ్యక్షుడు ఊ అనకుండా దుకాణం పని ఇచ్చేవాళ్లు జగిత్యాలలో ఎవరున్నారు?

ఏళ్లు గడిచాయి. అన్నల అలికిడి తగ్గింది, ఠాణాల ముందు ఇసుక బస్తాలు తీసేశారు. సంఘం సొంత భవనం కట్టుకుంది. ప్రారంభోత్సవానికి పాతవాళ్లందరినీ పిలుస్తూ నన్నూ పిలిచారు. పోకూడదనే అనుకున్నాను. ఉస్తాద్‌కు సన్మానం చేస్తున్నారని తెలిసి పోయాను. ఇన్నాళ్లకు తప్పు ఒప్పుకుంటారేమోనని నాకు ఒక పిచ్చి ఆశ.

హాలు బాగుంది, కాదనను. సీలింగు పని చాలా శుభ్రంగా చేశారు. అధ్యక్షుడు ఇంకా ఆ పాతాయనే, జుట్టు మాత్రం నల్లగా మెరుస్తోంది. మైకు అందుకున్నాడు. ఆ చీకటి రోజుల్లో మన మేస్త్రిని పట్టుకుపోతే, ప్రాణాలకు తెగించి సంఘమంతా సిరిసిల్లకు కదిలిందని, ఠాణా ముందు మండుటెండలో నిలబడిందని, మనిషిని బతికించుకుని తెచ్చుకుందని చెప్పాడు. కొత్త సభ్యులు ఉత్సాహంగా చప్పట్లు కొట్టారు. ఎండ సంగతి ఎవరు చెప్పారో గానీ అది మాత్రం సరిగ్గానే చెప్పాడు. సాంచాలవాళ్ల ఊసే లేదు.

నేను లేచాను. సంఘం నుంచి ఒక్కడు కూడా రాలేదని, గమనిస్తూ ఉండాలని తీర్మానం చేసి ఇళ్లకు పోయారని, ఎండలో నిలబడింది ఉస్తాద్ పేరు కూడా తెలియని సిరిసిల్ల వాళ్లని అందరికీ వినపడేట్టు చెప్పాను. అధ్యక్షుడికి కోపం రాలేదు, రానివ్వలేదు, ఆయన తెలివి అదే. చిరునవ్వుతో మైకు తీసుకెళ్లి ఉస్తాద్ మొహం దగ్గర పెట్టి, నువ్వే చెప్పు అన్నాడు.

ఉస్తాద్ నా వైపు చూడలేదు. జారుతున్న శాలువాను మోచేత్తో అదుముకున్నాడు.

"సాబ్‌కు యాదికి లేదు. సంఘపోళ్లు అందరు వచ్చిండ్రు. అందరు నిలబడ్డరు" అన్నాడు.

మళ్లీ చప్పట్లు. నా పక్కనున్న ఎవరో నా చెయ్యి పట్టుకుని, కూర్చోండి పెద్దాయనా అన్నారు. కోపంగా అన్నా భరించేవాణ్ణి, జాలిగా అన్నారు. ఆ హాలులో నేను వయసు మీదపడి మతి తప్పిన మనిషిని అయిపోయాను.

సభ అయ్యాక బయట చెప్పుల దగ్గర ఆయన కోసం ఆగాను. ఎవరి కోసం ఈ అబద్ధం, నీ చేతులకు ఈ గతి పడుతుంటే వీళ్లలో ఎవడొచ్చాడు అని అడిగాను. ఆయన గోడకు ఆనుకుని, చెప్పులో కాలు దూర్చుకుంటూ నిదానంగా చెప్పాడు.

"గీ హాలు సీలింగు జేసింది నా కొడుకే సాబ్. కోరుట్లల పెద్ద షోరూము పని గూడ ప్రెసిడెంట్ సాబే ఇప్పిస్తున్నడు. మీరు నిజం చెప్పి ఇంటికి పోతరు. వాడు రేపు పొద్దుగాల పనికి పోవాలె."

సన్మానంలో ఇచ్చిన జ్ఞాపిక బరువైనది, ఆయన పట్టుకోలేడు. వాచ్‌మన్ దాన్ని ఒక గుడ్డసంచిలో వేసి తెచ్చి ఆయన మెడకు తగిలించాడు. ఉస్తాద్ తల కాస్త వంచి ఆ సంచి సర్దించుకుని, నాకు సలాం చెప్పబోయి, చెయ్యి పైకి లేవక, కళ్లతోనే చెప్పి రోడ్డు మీదికి నడిచాడు.